చెల్లెలి చేతి కుట్టు

పొద్దున్నే షాపు తలుపు తీసి, మిషనుకు నూనె వేసి, ఆ దర్జీ పిల్ల మొదటి గిరాకీని అడిగే మాట ఒకటే: "ఈ గుడ్డ మనసారా ఇచ్చిందేనా?" అయిష్టంగా ఇచ్చినదాని మీద ఆమె కుట్టు నిలవదు మరి. సాయంత్రానికల్లా దారం ఊడి కుప్పగా పడుంటుంది. వీధి వీధంతా ఎరిగిన సంగతే. మొగుడి కోటు అడక్కుండా తెచ్చినావిడ, "ఆయన్ని ఒప్పించి రేపొస్తాలే తల్లీ" అని నవ్వుకుంటూ తిరిగెళ్ళేది.

ఊళ్ళో పిల్లలందరికీ గౌన్లు కుట్టే ఆమెకి పుట్టుకతోనే గర్భసంచి లేదు. పెద్దాసుపత్రిలో ఒకరిది తీసి ఇంకొకరికి పెడతారట. ఇద్దరు పిల్లల తల్లైన అక్కది ఈమెకి సరిపోయింది.

"నీకింక అదెందుకే? అటకమీది గిన్నె!" అంది అమ్మ అక్కతో.

"గిన్నె దింపడానికి పది గంటలు కోస్తారటమ్మా," అని అక్క నవ్వి, ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టింది.

కాగితాలకి గుండుసూది వాడే అలవాటు లేదు దర్జీకి, దారంతోనే కుడుతుంది. కుట్టింది. సాయంత్రానికి ఊడింది. రెండు పేటలు వేసింది, ఊడింది. మైనం రాసింది, ఊడింది. బిడ్డ మీది ఆశ మరి, ఆకలిగొన్నవాడికి అడ్డుగోడ కనబడుతుందా? కాగితాలు పట్టుకుని చెప్పులు కుట్టే తాత దగ్గరికి పరిగెత్తింది.

"నీ చేతికేమైందే?"

"సూది దిగింది తాతా, నువ్వే కుట్టు."

ఆ కుట్టు నిలిచింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ కాగితాలు తిరగేసి, "అబ్బో, ఎంత గట్టి కుట్టో!" అంది.

అక్క తొంగిచూసింది. "ఇది నీ చేతి కుట్టు కాదు కదే?"

చెల్లెలు ఆ కుట్టు మీద అరచెయ్యి కప్పింది.

"ఊడిపోతుందని రోజూ ఎదురుచూశానే," అంది అక్క. "నోటితో వద్దనలేక, నీ కుట్టే చెబుతుందిలే అనుకున్నా."

చెల్లెలు సంచిలోంచి కత్తెర తీసి, తాత వేసిన దారం పుటుక్కున కత్తిరించింది. "నాకే వద్దు" అని రాసిచ్చింది. అమ్మతోనూ అదే చెప్పింది, తనకే భయమేసిందని. "ఎంత పిరికిదానివే!" అని అమ్మ తిట్టిన తిట్లన్నీ తనే పడింది.

ఆ రాసిచ్చిన కాగితం నకలు ఇంటికి తెచ్చి, షాపు బిల్లులతో కలిపి తన చేత్తోనే కుట్టింది. సాయంత్రానికి దారం కుప్పగా పడుంది. అదీ మనసారా ఇచ్చింది కాదుగా!

దారం ఏరుకుంది. సూదికెక్కించింది. మళ్ళీ కుట్టింది. ఇప్పటికీ రోజూ పొద్దున్నే షాపు తలుపు తీయగానే, మొదటి కుట్టు దానికే.