మింగే ముద్ద

మారక్కకు ఒళ్లు మండిపోయింది. నీళ్లసీసా నింపుకొని వార్డులోకి వచ్చేసరికి మొగుడి అన్న బోరన్న మంచం మీదికి వంగి, తమ్ముడి నోట్లో రాగిముద్ద పెడుతున్నాడు!

సోలార్ ప్లేట్ల మధ్య గొర్రెలు మేపుతూ పక్షవాతంతో పడిపోయినప్పటి నుంచి మొగుడు చిన్నరంగప్పకు మాట లేదు, మింగుడు లేదు. ముక్కులోంచి వేసిన గొట్టంతోనే ఇన్నాళ్లూ గంజి. ఆ ఉదయం ఎక్స్‌రే తెర మీద చూసుకుంటూ పొట్టకు చిన్న రంధ్రం చేసి, తిన్నగా కడుపులోకే గొట్టం పెడతామని ముందురోజే చెప్పాడు డాక్టరు. కడుపు ఖాళీగా ఉండాలని రాత్రి నుంచి ఆ గంజి కూడా ఆపేశారు. ఫోనులో ఆ సంగతి విన్న ఈ పెద్దమనిషికి అదే గిట్టలేదు. బలసముద్రం నుంచి తొలి బస్సుకే టిఫిన్ డబ్బాతో దిగబడ్డాడు.

"ఉత్త కడుపుతో పంపిస్తారా మారక్కా, కత్తి కిందికి? ముద్ద నమిలేదేముండాది, మింగేదే కదా!"

"మింగేదానికే రాదని కదా బావా, ఈడికి తెచ్చింది!"

అప్పటికే చిన్నరంగప్ప కళ్లు తేలేశాడు. నర్సు పరుగెత్తుకొచ్చి మిషనుతో ముద్దను బయటికి లాగింది. ఊపిరి తిరిగింది గానీ, కొంత ఊపిరితిత్తుల్లోకి పోయిందట. జ్వరం వచ్చింది. అది తగ్గేదాకా గొట్టం మాటే లేదన్నాడు డాక్టరు.

"తమ్ముణ్ణి సంపేదానికి వచ్చినావా? నీ ప్రేమ తగలెయ్య! నా కంటికి కనపడాకు, పో!"

వార్డంతా తిరిగి చూసినా మారక్క నోరు ఆగలేదు. బోరన్న పోలేదు. వరండాలో గోడకానుకొని కూర్చున్నాడు. ఆమె అటు వెళ్లినప్పుడల్లా తిట్టింది, ఆయన మాటలు పడ్డాడు.

జ్వరం దిగాక గొట్టం పెట్టారు. మరునాడు పలచటి గంజి పొయ్యమని నర్సు చెప్పగానే మారక్క విసవిసా వరండాలోకి నడిచింది.

"రా బావా. తినిపించాలని వచ్చినావు కదా, ఇప్పుడు తినిపించు."

పొట్ట మీది గొట్టానికి తగిలించిన పెద్ద సిరంజిని బోరన్న ఒక చేత్తో ఎత్తి పట్టుకొని, గిన్నెలోంచి గంజి పోశాడు.

"నిదానంగా! ఒలికిందంటే ఊరుకోను!" కసిరింది మారక్క.

గంజి మెల్లగా గొట్టంలోకి దిగింది. మునుపు తమ్ముడితో పక్కపక్కన కూర్చుని తినేటప్పుడు అడిగినట్టే అడిగాడు బోరన్న, "ఇంకొంచెం ఎయ్యాల్నారా?"

చిన్నరంగప్ప అన్న వైపు చూసి, నోరు తెరిచాడు.

బోరన్న రెండో చేత్తో ఆ నోటిని మెల్లగా మూశాడు. "ఆడ కాదురా నాయనా, ఈడ," అంటూ ఏడ్చేశాడు.

మారక్క తిట్టడానికే నోరు తెరిచింది. ఆ తిట్టు మింగేసి, గిన్నెలో మిగిలిన గంజి తెచ్చి బావ చేతిలోని సిరంజిలో పోసింది.