కూతురి లాటు

కూరగాయల విత్తనాలు శుద్ధి చేసే ఆ కర్మాగారంలో అతన్ని అందరూ జల్లెడాయన అంటారు. గాలి యంత్రం, జల్లెడలు, వాటి పక్కన ఎప్పుడూ వణుకుతూ ఉండే ఏటవాలు బల్ల అతని చేతికింద ఉంటాయి. ఎండిన గింజల్ని ఆ బల్ల మీద పోస్తే బరువైనవి పైఅంచుకు పాకుతాయి, తాలు గింజలు కిందికి జారిపోతాయి. "నీకంటే ఆ బల్లకే తెలివెక్కువ" అని తోటివాళ్ళు ఆటపట్టిస్తే, "అందుకేగా దానికి కూలివాడిగా చేరాను" అనేవాడు. కూతురు పోయాక అతన్ని ఆటపట్టించడానికి ఎవరికీ మనసొప్పలేదు.

ఆ కూతురు ఈ కంపెనీకే టమాటా విత్తనం పండించేది. పురుగు చొరకుండా చుట్టూ వల కట్టి తలుపు పెట్టిన పందిరి ఒకటి కౌలుకు తీసుకుని, పూలకు చేత్తో పుప్పొడి అద్ది, అద్దిన ప్రతి పువ్వుకూ ఎర్రదారం ముడివేసేది. పండ్లు రంగు తిరుగుతున్న రోజుల్లో జ్వరం పట్టుకుంది. మామూలు జ్వరమే అనుకున్నారు. ఆసుపత్రిలో చేర్చిన వారం తిరక్కుండానే చేతుల్లోంచి జారిపోయింది.

పందిరి తాళంచెవి ఆమె చేతిసంచిలో ఉండిపోయింది. ఆ సంచిని తల్లి తన బీరువాలో పెట్టి ఎవరినీ ముట్టనివ్వలేదు. కోతకు వచ్చే ఆడవాళ్ళు తాళంచెవి అడుగుదామని ఇంటిదాకా వచ్చారు. మంచం అంచున గోడవైపు చూస్తూ కూర్చున్న ఆ తల్లిని చూసి, తాళంచెవి మాట ఎత్తకుండానే, ఇచ్చిన మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయారు. చివరికి అల్లుడే వెళ్ళి తాళం పగలగొట్టించాడు. అప్పటికే పండ్లు కొమ్మల మీద మగ్గి మెత్తబడిపోయాయి.

వాటినే కోసి, అంతా కలిపి ఒకే రాశిగా, ఒక లాటుగా కర్మాగారానికి పంపారు. బండి వచ్చిన రోజు జల్లెడాయన మేనేజరు గదిలోకి వెళ్ళాడు.

"ఈ లాటు మొదట్నుంచీ నేనే చూసుకుంటాను సార్."

మేనేజరు కాదనలేదు.

పండ్లు నలగ్గొట్టి గుజ్జును పీపాల్లో పులియబెట్టాడు. గింజల చుట్టూ ఉన్న జిగురు విడిపోయాక నీళ్ళు వదిలి కడిగాడు. తేలినవి పారబోసి, అడుగున మిగిలినవి గుడ్డ మీద పరిచి వెచ్చటి గాలికి ఆరబెట్టాడు. ఆరిన గింజలు గుప్పెడు తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు. కొన్నింటి కొసన సన్నటి ఎండుపోగు లాంటిది అంటుకుని ఉంది. కోత ఆలస్యమై, పండులోనే మొలకెత్తిన గింజలవి. ఎండబెట్టగానే ఆ మొలక చచ్చిపోతుంది.

అతను ఎవరితోనూ అనలేదు. బల్ల వంపు మార్చాడు, గాలి పెంచాడు, పోసిందే మళ్ళీ పోశాడు. కంటికి కనిపించినవన్నీ చేత్తో ఏరాడు. "ఇక చాల్లేవయ్యా, అరిగిపోతాయి" అన్నాడు మేనేజరు మెల్లగా. మొలక బయటికి పొడుచుకు రాకుండా లోపలే చచ్చిన గింజకూ మంచి గింజకూ బరువులో పెద్ద తేడా ఉండదు. దాన్ని బల్ల పట్టుకోలేదు. ఆ సంగతి అతనికి తెలుసు. అయినా పోస్తూనే ఉన్నాడు.

గుప్పెడు గింజలు మొలకల గదికి వెళ్ళాయి. అక్కడ పని చేసేది అల్లుడు. తడికాగితాల మీద గింజలు పేర్చి, వెలుతురు పెట్టెలో ఉంచి, ఎన్ని మొలిచాయో చూసి చెప్పడం అతని ఉద్యోగం. ఈ విత్తనం కొనేది పెరట్లో నాలుగు మొక్కలు వేసుకునేవాళ్ళు కాదు, గాజుగోడల మధ్య పంట పెంచే గాజుతోటల్లో టమాటాలే బతుకుతెరువైన రైతులు. నారు పోసే ట్రేలో గుంటకు ఒక్క గింజే వేస్తారు. అది మొలవకపోతే ఆ గుంట అలాగే ఉండిపోతుంది.

ఫలితం చెప్పాల్సిన రోజు అల్లుడు తనే బల్ల దగ్గరికి వచ్చాడు. జల్లెడాయన యంత్రం ఆపాడు.

"ఇంకోసారి పెట్టి చూడు బాబూ. ఒక్కోసారి కాగితం సరిగ్గా తడవదు."

"మూడుసార్లు పెట్టాను మామయ్యా. మీకు చెప్పలేదంతే."

"మరీ తక్కువా?"

"సగమే లేచాయి."

అల్లుడు గొంతు తగ్గించాడు. "కోత ఆలస్యమైందని ఫలితాల కాగితంలో రాయాలి. అత్తయ్య అడిగితే ఏమంటారు?"

"ఎందుకు ఆలస్యమైందో అప్పుడు దానికి తడుతుంది" అన్నాడు జల్లెడాయన. "ఇప్పటికే సగం ప్రాణంతో ఉంది. ఆ సంచీ సంగతి దాని నెత్తిన పడకూడదు. ఇంట్లో నువ్వు నోరెత్తకు, నేను చూసుకుంటాను."

పనికిరాని విత్తనం పొరపాటున కూడా బయటికి పోకూడదు కాబట్టి బాయిలర్లో కాల్చేస్తారు. ఆ విత్తనం బస్తాలు జల్లెడాయన తనే మోసుకెళ్ళాడు. పొయ్యి మూత తీసి గింజలు పోస్తుంటే చిటపటమని చప్పుడైంది. బాయిలరు దగ్గర పనిచేసేవాళ్ళు అటు తిరిగి నిలబడ్డారు.

ఆ సాయంత్రం భార్య అన్నం వడ్డిస్తూ అడిగింది. "అమ్మాయి గింజలు ఎలా ఉన్నాయండీ?"

"బాగున్నాయి. రంగు పూత వేసి, డబ్బాల్లో పెట్టి పంపించేశాం."

"ఎక్కడికి?"

"పెద్ద తోటకే."

ఆమె చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నది. అది చూసి అతను తన కంచంలో చెయ్యి కడుక్కున్నాడు.

అక్కడితో అయిపోతుందనుకున్నాడు. కానీ ఆమె పట్టు వదల్లేదు. "మొలిచాయటా?" అని ఒకనాడు, "ఎంత ఎదిగాయో" అని ఇంకోనాడు. రెండు మూడు నెలలు గడిచాక, "ఒక్కసారి తీసుకెళ్ళండి, కళ్ళతో చూసొస్తాను" అంది. జల్లెడాయన ఏదో సాకు వెతుక్కుంటుండగా అల్లుడు అందుకున్నాడు. "ఆదివారం వెళ్దాం అత్తయ్యా. నాకు తెలిసిన రైతు ఉన్నాడు."

ఆదివారం వెళ్ళింది వేరే ఎవరో పండించిన లాటు వేసిన గాజుతోటకు. లోపల మొక్కలు తాళ్ళు పట్టుకుని మనిషెత్తు లేచి ఉన్నాయి. జల్లెడాయన గుమ్మం దాటలేకపోయాడు. చెప్పుల మట్టి దులుపుకుంటున్నట్టు బయటే ఆగిపోయాడు.

ఆమె వరుసల మధ్య నడుస్తూ ఆకుల్ని చేతి వెనకవైపుతో తాకింది. "ఇవి మా అమ్మాయి చేసిన గింజలు నాయనా" అని తోట రైతుతో చెప్పింది. అతనికి ఏమీ తెలియదు. తన మొక్కల గురించి ఉన్నదే చెప్పాడు.

"చాలా మంచి విత్తనం అమ్మా. ఒక్క గుంట కూడా ఖాళీ పోలేదు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కూతురు పోయాక ఏడవని మనిషి అక్కడ, ఆ పరాయి మొక్కల మధ్య, వెక్కి వెక్కి ఏడ్చింది. అల్లుడు ఆమె భుజం పట్టుకుని నిలబడ్డాడు. గాజుగోడ ఇవతలినుంచి జల్లెడాయనకు ఆమె ఏడవడం కనిపిస్తోంది కానీ వినిపించడం లేదు.

తిరుగు ప్రయాణంలో బస్సులో ఆమె ఇద్దరి మధ్యా కూర్చుంది. మొహం తేటగా ఉంది. "కాయలు పండాక ఇంకోసారి వద్దామండీ" అంది.

జల్లెడాయన కిటికీ తలుపు దించడానికి అటు తిరిగాడు.

"అలాగే అత్తయ్యా" అన్నాడు అల్లుడు.