మేకుకు వేలాడిన దిమ్మ

...అయినా నేను చెప్పింది అబద్ధం కాదు. "నాకు కనబడలేదు" అన్నాను, అంతే. ఆ క్షణంలో నేను అటు తిరిగి తలుపు చట్రానికి కొలత తీస్తున్నాను కాబట్టి కనబడలేదన్నది నిజమే. ఈ మూడు వారాల్లో ఆ రెండు మాటల్ని ఎన్నిసార్లు తిప్పి చూసుకున్నానో. ఏ పక్కనుంచి తడిమినా నున్నగానే ఉంటాయి, ఎక్కడా గరుకు తగలదు. అంత నున్నగా ఉండడమే వాటిలో తప్పు.

చేతిలో కొత్త దిమ్మ ఉంది. ఇది ఆరోది. జాయింటర్ మెషీను మీద చెక్కను చిత్రిక పట్టేటప్పుడు వేళ్లు బ్లేళ్ల దగ్గరికి పోకుండా, చెక్కను నొక్కి ముందుకు నెట్టడానికి ఈ తోపుడు దిమ్మలు. జానెడు పొడవు, పైన గుప్పిటకు అమరే పిడి, వెనక కొసన చెక్కను పట్టి తోసే చిన్న మడమ, కింద రబ్బరు అడుగు. మడమకు మేకు కొట్టకూడదు. పొరపాటున బ్లేడుకు తగిలితే ఆ మేకు తూటా అవుతుంది. జిగురుతోనే అతకాలి. అడుగుకు పాత చెప్పుల రబ్బరును మించింది లేదు. మా షెడ్డులో పాలిష్ పెట్టే ముసలాయన వీటిని చూసినప్పుడల్లా, కాళ్లకు లేకపోయినా చేతులకు చెప్పులొచ్చాయి, మనం బాగుపడ్డాం అంటాడు. ఆయన ఎప్పుడూ ఉత్త కాళ్లతోనే తిరుగుతాడు.

తీరిక దొరికితే చాలు, ఇవే చేస్తున్నాను. అందరూ మెచ్చుకుంటున్నారు. బావమరిదికి అలా జరిగాక పాపం మనసు విరిగిపోయింది, అందుకే ఇంత శ్రద్ధ అంటున్నారు. షెడ్డు యజమాని, మేము పెద్దాయన అంటాం, మొన్న భుజం కూడా తట్టాడు. మెచ్చుకున్న ప్రతిసారీ నా మెడ వెనక వేడెక్కుతుంది. సిగ్గుకు ముఖం ఒక్కటే చాలదని అప్పుడే తెలిసింది.

మా దగ్గర దిమ్మల బాధ్యత నాది. అడుగు అరిగిన దిమ్మ చెత్త పెట్టెలో పడాలి. మేకుకు వేలాడుతోందంటే అది మంచిదని అర్థం, ఎవరూ తిప్పి చూడనక్కర్లేదు. ఆ నియమం పెట్టింది నేనే.

ఆ రోజు పొద్దున మెషీను పక్క మేకు మీదున్న దిమ్మను తీసి అడుగు మీద బొటనవేలు రాశాను. చెక్కపొట్టు పట్టి, అరిగి, అద్దంలా జారింది. పెట్టెలో వేస్తే మేకు బోసిగా కనబడుతుంది. కొత్తవి ఎప్పుడు చేస్తావయ్యా అని పెద్దాయన ఆ వారంలో అప్పటికే రెండుసార్లు అడిగాడు. మూడోసారి అడిగించుకోవడం ఇష్టం లేకపోయింది. సాయంత్రం కొత్త అడుగు అతికిద్దాంలే అనుకుని మళ్లీ తగిలించాను. అంతే. పెద్ద పాపం చెయ్యడానికైనా కొంత తెగువ కావాలి. నాది ఉత్త బద్ధకం.

మధ్యాహ్నం మా ఆవిడ తమ్ముడు ఆ దిమ్మ తీసుకున్నాడు. చెక్కలో ముడి ఉంది. ముడి దగ్గర చెక్క ఆగింది, దిమ్మ ఆగలేదు. చెక్క మీద జారి, చేతిని కూడా బ్లేళ్ల మీదికి లాక్కుపోయింది. ఉంగరపు వేలు, చిటికెన వేలు, చివరి కణుపులు పోయాయి.

అందరూ వాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్లారు. మెషీను ఆపడానికి నేను ఉండిపోయాను. దిమ్మ పొట్టులో పడి ఉంది, ముందు మూల చెక్కుకుపోయి. దాన్ని తీసి నా పనిముట్ల పెట్టెలో, ఉలుల కింద పెట్టాను. ఎందుకని అప్పుడు ఆలోచించలేదు. నేను ఆలోచించకపోయినా నా చెయ్యి ఆలోచించింది. అడుగు పైకి కనబడకుండా బోర్లా పెట్టింది.

దిమ్మ పట్టుకున్నాడా అని ఆ సాయంత్రం పెద్దాయన అడిగాడు. కనబడలేదన్నాను. బావమరిది ఆసుపత్రి మంచం మీంచి పట్టుకున్నాననే అన్నాడట. పట్టుకుంటే దిమ్మేదీ అన్నారట షెడ్డువాళ్లు. వాడు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక మా ఆవిడ తమ్ముణ్ణే కోప్పడింది, బావ అంత కష్టపడి చేసిపెట్టినవి వాడ్డానికి నీకు చేతులు రాలేదా అని. అన్నాక 'చేతులు' అన్న మాట తనకే గుచ్చుకుని వంటింట్లోకి పోయి ఏడ్చింది. పక్క గదిలో నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

ఈ రోజు వాడు పనిలోకి వచ్చాడు. పెద్దాయన మంచి మాటల్లోనే చెప్పాడు, ఇక మెషీన్ల జోలికి పోవద్దు, గరుకు కాగితం రుద్దే పని చూసుకొమ్మని. పదకొండేళ్లుగా మెషీను మీద ఉన్నవాడు. వాడు చిత్రిక పట్టిన రెండు చెక్కల్ని అంచుకు అంచు ఆనించి వెనక దీపం పెడితే వెలుగు ఇవతలికి రాదు. తల ఊపి మూలకు పోయి ఎడం చేత్తో రుద్దడం మొదలుపెట్టాడు.

కాసేపటికి నా బల్ల దగ్గరికి వచ్చాడు. కొత్త దిమ్మ తీసుకుని, కట్టు లేని వేళ్లతో అడుగు తడిమాడు.

"బాగా పట్టు ఉంది బావా. నాకు మాత్రం పిడి కాస్త చిన్నది పెట్టు, రెండు వేళ్ల చోటు మిగిలిపోతుంది."

తనే నవ్వాడు. వాడు గొంతు తగ్గించాడు.

"ఒకటి అడుగుతా, తిట్టకు. ఆ రోజు నేను దిమ్మ పట్టుకున్నానా? పట్టుకున్నానని నా చేతికి గుర్తుంది. కానీ ఇంతమంది కాదంటుంటే నాకే నమ్మకం పోతోంది. ఇప్పుడు అక్క కూడా అదే మాట. లేనిది ఉన్నట్టు అనుకుంటున్నానేమో."

వేళ్ల సంగతిలో నన్ను నేను క్షమించుకోవడానికి ఇన్నాళ్లూ ఏవేవో సాకులు పోగేసుకున్నాను. ముడి అన్నాను, తొందర అన్నాను, తలరాత కూడా అన్నాను. ఈ మాటకు మాత్రం ఏ సాకూ అతకలేదు. బ్లేడు తీసుకున్నది రెండు కణుపులే. ఆ చేతికి గుర్తున్నదాన్ని మూడు వారాలుగా రోజుకింత తీసుకుంటున్నది నేను.

వంగి పెట్టె తెరిచాను. ఉలులు పక్కకు జరిపాను. చెప్పాల్సి వస్తే ఎలా చెప్పాలో మనసులో చాలా వాక్యాలు కట్టుకున్నాను ఇదివరకు. అన్నిట్లోనూ మధ్యలో ఒక 'కానీ' ఉండేది. ఇప్పుడు ఒక్కటీ నోటికి రాలేదు. దిమ్మ తీసి వాడి చేతిలో పెట్టాను.

"పట్టుకున్నావు. ఇదే."

వాడు చెక్కుకుపోయిన మూల చూశాడు. తిప్పి అడుగు చూశాడు. బొటనవేలు పెట్టాడు, అది జారింది. తల ఎత్తి నా ముఖంలోకి చూశాడు. ఎందుకని అడిగి ఉంటే బాగుండేది.

దిమ్మను మళ్లీ తీసుకుని షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాను. పెద్దాయన ముసలాయనతో ఏదో పాలిష్ రంగు గురించి మాట్లాడుతున్నాడు. ఇద్దరూ ఆగి నా వైపు చూశారు.

"వాడు పట్టుకున్నది దీన్నే పెద్దాయనా," అన్నాను. "అరిగిందని తెలిసే తగిలించాను."

దిమ్మను అడుగు పైకి తిప్పి ఆయన ముందు బల్ల మీద పెట్టాను.