తిట్టే ఉయ్యాల

వదిన ఏ వస్తువు చేసినా, దాన్ని ఎలా వాడాలో పక్కన నిలబడి ఎవరో ఒకరు చెప్పాల్సిందే. ఆమె గీసిన కెటిలుకు పిడి ఉండదు. ఆమె గీసిన స్టూలు నలిపి పారేసిన కాగితంలా ఉంటుంది. దాని మీద కూర్చున్నవాళ్ళు వెంటనే లేచి, విరగ్గొట్టామేమోనని తడిమి చూసుకుంటారు. కాలరు విప్పితే సంచీ అయ్యే కోటు ఒకటి చేసింది. అది తొడుక్కుని బజారుకెళ్ళిన ఆమె తమ్ముడు ఉల్లిపాయలన్నీ వీపు మీద మోసుకుంటూ, మెడ పట్టేసి ఇంటికొచ్చాడు. అయినా సరే, ఆమె ఫొటోలు పత్రికల్లో పడుతూనే ఉంటాయి. ఇంటి సామాను కొత్త కొత్తగా తయారుచేసి అమ్మే కంపెనీలో ఆమె గీసిందే గీత.

ఆ ఉల్లిపాయల తమ్ముడి భార్యే మన మరదలు. ఇంట్లో కూర్చుని బట్టలు కుడుతుంది. బడి మధ్యలోనే మానిపించారు కాబట్టి నలుగురిలో నోరు విప్పాలంటే బెరుకు. గుండుగాడు పుట్టాక ఆ బెరుకు కాస్తా భయమైంది. వాడు ఏడిస్తే ఎందుకు ఏడుస్తున్నాడని భయం, ఏడవకపోతే ఎందుకు ఏడవడం లేదని భయం. నిద్రపోతున్నవాడి ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి తగులుతోందో లేదో చూసేది. ఆ వేలు తగిలి వాడు లేచి రాగం అందుకునేవాడు.

వాణ్ణి ఎత్తుకుంటే కుట్టు సాగదు, కుట్టు పట్టుకుంటే వాడు ఊరుకోడు. అలాంటి ఒక పూట ఆమెకు ఆలోచన తట్టింది. ఉయ్యాలకు తాడు కట్టి, ఆ తాడు రెండో కొసను కుట్టుమిషను పెడలుకు ముడేసింది. కాళ్ళు మిషను తొక్కుతుంటే ఉయ్యాల ఊగుతుంది, చేతులు గుడ్డ సంగతి చూసుకుంటాయి. తమాషా ఏమిటంటే, పొడుగు కుట్టు వేస్తున్నప్పుడు ఉయ్యాల చాలాసేపు ఊగేది, చంక దగ్గర మలుపు వస్తే ఆగేది, మళ్ళీ మెల్లగా అందుకునేది. ఒకే తీరుగా ఊపితే గుడ్లప్పగించి చూసే గుండుగాడు ఈ ఆగి ఆగి ఊగడానికి మాత్రం నోరు తెరుచుకుని నిద్రపోయేవాడు. అమ్మ ఎత్తుకుని గదిలో తిరుగుతూ, మంచం మూల దగ్గర ఆగి మళ్ళినట్టే ఉండేదేమో వాడికి.

ఒకరోజు వదిన వచ్చి చూసింది.

"అబ్బ, ఎంత ముద్దుగా ఉందే! ఏదీ, మళ్ళీ తొక్కు," అంటూ ఫోన్లో వీడియో తీసింది. ముడినీ, పెడలునూ దగ్గరగా తీసింది. మరదలు పొంగిపోయింది. పెళ్ళయినప్పటినుంచీ ఆమె చేసిన దేన్నీ వదిన రెండోసారి చూసిన పాపాన పోలేదు మరి.

కొన్నాళ్ళకు కంపెనీ కొత్త ఉయ్యాల బయటికి వచ్చింది. గుడ్డు పెంకులా తెల్లగా, ఎక్కడా ఒక అతుకు కూడా కనిపించకుండా ఉంది. లోపల మోటారు. ఆగి ఆగి ఊగుతుంది.

"చూశావా, అక్క ఉయ్యాల అచ్చం మనదానిలాగే ఉంది!" అన్నాడు భర్త ఫోను చూపిస్తూ.

"మనదానిలా ఉండటం కాదండీ. మనదే."

"ఊరుకో. అక్క వింటే బాధపడుతుంది."

అంతటితో అయితే మరదలు నిజంగానే ఊరుకునేది. ఏదో, ఇంటి ఆడపడుచు, వాడుకుందిలే అనుకునేది. కానీ ఒక కార్యక్రమంలో వదినను అడిగారు, ఇంత మంచి ఆలోచన ఎలా వచ్చిందండీ అని. వదిన తల ఒక పక్కకు వంచి, గొంతులో జాలి నింపుకుని చెప్పింది:

"మా మేనల్లుడే కారణం. వాళ్ళమ్మకు చదువూ సంధ్యా లేదు, పాపం. బిడ్డను జోకొట్టడం కూడా రాదు. మిషను చప్పుళ్ళో పడేసి తన కుట్టు తను కుట్టుకుంటుంది. ఆ పసివాడి అవస్థ చూడలేక..."

మరదలు ఆ ముక్క దగ్గరే వీడియో ఆపింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ ఆపింది.

ఆ వారం బిడ్డకు టీకా వేయించడానికి తీసుకెళ్తే, నర్సు వాణ్ణి బోర్లా తిప్పీ వెల్లకిలా తిప్పీ, వీపు మీద దెబ్బలేమైనా ఉన్నాయా అన్నట్టు చూసింది. "మిషను దగ్గర పడుకోబెట్టేది మీరేనా?" అంది. జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చినావిడ గుమ్మంలోనే ఆగి, బాబును చూసి చొచ్చొచ్చో అంది. మరదలికి ఒళ్ళు కాలిపోయింది. ఉయ్యాల పోతే పోయింది. బిడ్డను నిద్రపుచ్చడం చేతకాని తల్లి అన్న మాట మాత్రం ఆమెకు కడుపులో దిగబడిపోయింది. ఆ మాట అన్న నోటితోనే దాన్ని కక్కించాలి. ఎలాగో మాత్రం తెలియలేదు.

దారి వదినే చూపించింది. ఒక మధ్యాహ్నం పళ్ళ బుట్టతో దిగింది.

"ఏమే పిల్లా, నీతో ఒక పని పడింది. ఉయ్యాల ఊగితే చాలదంట, పాట కూడా కావాలంటున్నారు. పెద్ద పెద్ద గాయనులతో పాడించాం. మరీ బాగా పాడేశారు. పిల్లలు నిద్ర మానేసి వింటున్నారు! నీలాంటి మామూలు గొంతు కావాలి."

"జోకొట్టడం రాదన్నావు కదా వదినా నాకు?"

"అయ్యో, అదేదో మాటవరసకన్నానే. మనసులో పెట్టుకుంటారా ఎవరైనా?"

"లేదు లేదు," అంది మరదలు. మనసులో కాక ఇంకెక్కడ పెట్టుకుంటారు?

మర్నాడు గుండుగాణ్ణి చంకనేసుకుని కంపెనీకి వెళ్ళింది. తలుపుకు గడియా లేదు, పిడీ లేదు. ఎక్కడ తొయ్యాలో తెలియక గోడనంతా తోస్తూ నిలబడింది. లోపల సోఫా కొరికి వదిలేసిన బిస్కెట్టు ఆకారంలో ఉంది. కొరికిన చోట కూర్చోవాలట. గుడ్ల అట్టల్లాంటి మెత్తతో గోడలు కప్పిన చిన్న గదిలో ఆమెను కూర్చోబెట్టారు. అద్దం అవతల వదిన, చెవులకు డిప్పలు పెట్టుకున్న ఇంజినీరు.

"ఏ పాటైనా సరే, నీకు నోటికొచ్చింది పాడు," అంది వదిన.

నోటికొచ్చింది అనగానే మరదలికి నిజంగానే నోటికి వచ్చేసింది. చిన్నప్పుడు వీధిలో ఆడపిల్లలందరూ పెద్దవాళ్ళకు తెలియకుండా తిట్టుకోవడానికి మాట్లాడుకునే క భాష. పెద్ద విద్యేం కాదు. ప్రతి అక్షరానికీ ముందు ఒక "క" తగిలించడమే. నువ్వు అనడానికి "కను కవ్వు". వదిన అయిదో ఏటి నుంచీ హాస్టల్లో పెరిగింది, అక్కడ తెలుగు మాట్లాడితే బెంచీ ఎక్కించేవారట. వీధిలో ఆడిన మనిషి కాదు. అద్దం అవతలి ఇంజినీరుకు తెలుగే అంతంత మాత్రం.

మరదలు బిడ్డను గుండెకు హత్తుకుని, కళ్ళు మూసుకుని, వెన్నలాంటి గొంతుతో ఎత్తుకుంది:

"జో జో... కఉకయ్యాకల కనాకది... జో జో... కవకదికన కదొంకగ..."

ఉయ్యాల నాది, వదిన దొంగ. ఒకసారి మొదలుపెట్టాక ఆగలేదు. వదిన నోట అబద్ధం అంది. వదిన స్టూలు విరిగిపోను అంది. చివరికి పూనకం వచ్చినట్టయి, "కవకదికన కనోకరు కపకడికపోకను" అని కూడా పాడేసింది. వదిన నోరు పడిపోను అని. అంత తిట్టు తిడుతున్నా గొంతు కొంచెం కూడా పెరగలేదు. గుండుగాడు మొదటి చరణంలోనే నిద్రపోయాడు.

"చాలా బాగుందండీ," అన్నాడు ఇంజినీరు. "అర్థం ఏమిటో?"

"అర్థం ఉంటే పిల్లలు నిద్రపోరండీ. దాన్ని వెతుక్కుంటూ మేలుకుంటారు."

వదిన చప్పట్లు కొట్టింది. "వింటున్నావా? అర్థం లేని పాట! రాసుకో, పెట్టె మీద ఇదే వేద్దాం."

ఇంటికొచ్చాక గుండుగాడికి దగ్గు పట్టుకుంది. బిడ్డను ఒళ్ళో పెట్టుకుని అంత మాట అనకుండా ఉండాల్సింది, ఆ శాపం తిరిగి తిరిగి వీడి మీదికే వచ్చిందేమో అనుకుంది. పగలంతా వాడి ఛాతీ మీద చెయ్యి వేసి కూర్చుంది. తప్పు ఒప్పుకుని వదినకు ఫోను చేద్దామని రెండుసార్లు ఫోను తీసింది కూడా. తీసిన ప్రతిసారీ తల పక్కకు వంచి పాపం అన్న ఆ ముఖం కళ్ళ ముందుకొచ్చింది. ఫోను పెట్టేసింది. దగ్గు దానంతటదే తగ్గింది.

ఉయ్యాలలు అమ్ముడయ్యాయి. ఏ కిటికీ పక్క నుంచి నడిచినా, లోపల ఏ పాపాయో నిద్రపోతూంటే, మరదలి గొంతు వదినను మెత్తగా తిడుతూ వినిపించేది. నడిచినంతసేపూ ఆమె కడుపు చల్లగా ఉండేది.

ఒక ఉదయం వదిన తలుపు బాదింది. జుట్టు చెదిరి ఉంది, పళ్ళ బుట్ట లేదు.

"ఎంత పని చేశావే! మా యజమాని మనవరాలికి ఉయ్యాల నేనే స్వయంగా పట్టుకెళ్ళి ఇచ్చాను. అందరి ముందూ పాట పెట్టాను. యజమాని వాళ్ళమ్మగారు, ఆ ముసలావిడ, విని విని, పడీ పడీ నవ్వి, 'ఒరే, ఈ ఉయ్యాల ఎవరో వదినను తిడుతోందిరా! ఎవర్రా ఆ దొంగ వదిన?' అంది. అక్షరం అక్షరం విప్పి చెప్పింది! నేను అక్కడే నిలబడి ఉన్నాను, తెలుసా?"

"అయ్యో. నిలబడ్డావా? స్టూలు వేయలేదా?"

"వెటకారమా? నా ఉద్యోగం పోయేలా ఉంది!"

"పాట మార్చేయొచ్చుగా వదినా. ఏదో మీట నొక్కితే సరి కదా మీకు."

"మార్చాం! ఒక్కరూ నిద్రపోవడం లేదు. ఊళ్ళో తల్లులందరూ మా మీద పడ్డారు. చేసేది లేక మళ్ళీ ఆ తిట్లే పెట్టాం." వదిన గొంతు కిందికి దిగింది. "అదే గొంతు, అదే రాగం కావాలి. మాటలు మాత్రం మార్చి పాడు. నీ కాళ్ళు పట్టుకుంటాననుకో."

"కాళ్ళెందుకు, ఫోను పట్టుకో," అంది మరదలు. "నా గురించి అప్పుడేం చెప్పావో, దానికి దిద్దుబాటు చెప్పు. నలుగురూ చూసేలా పెట్టు. అప్పుడు పాడతాను."

వదిన పళ్ళు బిగించి, ఫోను ఎదురుగా పెట్టుకుని, నవ్వు ముఖానికి పులుముకుంది. "ఈ ఉయ్యాలకు మా మరదలే నాకు స్ఫూర్తి..."

"స్ఫూర్తి అంటే ఏంటి వదినా? నాకు చదువూ సంధ్యా లేదు కదా. తెలిసే మాట చెప్పు."

"ఈ ఉయ్యాల తయారీలో మా మరదలు సాయపడింది."

"సాయపడిందా?"

వదిన మింగలేక మింగింది. "ఈ ఉయ్యాల మా మరదలు చేసింది. నేను చూసి కాపీ కొట్టాను."

"ఇంకోటి ఉంది."

"మా మేనల్లుణ్ణి... వాళ్ళమ్మ చక్కగా నిద్రపుచ్చుతుంది. నేను చెప్పింది అబద్ధం."

"ఆ 'చక్కగా' దగ్గర నవ్వు ముఖం పోయింది. మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పింది. ఆ సాయంత్రానికే నర్సు చూసింది, జాకెట్టావిడా చూసింది. భర్త చూసి, "అక్క బాధపడి ఉంటుంది," అన్నాడు. "పడే ఉంటుందండీ," అంది మరదలు తృప్తిగా.

ఇచ్చిన మాట ప్రకారం మళ్ళీ ఆ మెత్త గోడల గదిలో కూర్చుంది. ఏం పాడాలా అని వారమంతా ఆలోచించింది. ఇంకా గట్టి తిట్లు చాలా కుదిరాయి. వెనక నుంచి చదివితే బయటపడేవి కూడా రెండు కట్టింది. ఆఖరికి అన్నీ వదిలేసి, అదే రాగంలో మామూలు మాటలు పాడింది:

"జో జో చిలకా, కొమ్మ మీద చిలకా, పండు తిన్న చిలకా, పడుకోవే చిలకా..."

అద్దం అవతల వదిన డిప్పలు రెండూ చెవులకు అదుముకుని వింది. మళ్ళీ పెట్టించుకుని వింది. కాగితం మీద ఒక్కో అక్షరం విడివిడిగా రాసుకుని, మధ్యలోవి కొట్టేసి చూసింది, చివరివి కొట్టేసి చూసింది. ఇంజినీరు ఆవలిస్తున్నాడు. మరదలు బిడ్డను భుజాన వేసుకుని, లేవడానికి తొందరేమీ లేనట్టు కూర్చుంది.

వదిన లోపలికి వచ్చింది.

"నిజం చెప్పు. ఇందులో ఏం పెట్టావు?"

"ఏమీ లేదు వదినా. ఒట్టు. జోలపాట అంతే."

"మరి పండు తిన్న చిలక అన్నావే. ఎవరి పండు?"

"చిలక పండే."

"కొమ్మ మీద అంటే? పైకెక్కి కూర్చుందనా?"

"చిలకలు కొమ్మ మీద కాక ఎక్కడుంటాయి వదినా?"

వదిన చేతిలోని కాగితాన్ని తిరగేసి ఇంకోసారి చూసింది. తర్వాత ఇంజినీరు వైపు తిరిగి, నీరసంగా, "మొదటి నుంచి పెట్టు," అంది.