అత్తయ్య సన్మానానికి వచ్చిన స్నేహితులు

అలబామాలోని ఆ తెల్లవాళ్ల యూనివర్సిటీలో అడుగుపెట్టిన మొట్టమొదటి నల్లజాతి విద్యార్థిని మా ఆర్డీలియా అత్తయ్య. కోర్టు మెడలు వంచితే చేర్చుకున్నారు, ప్రేమ పొంగి కాదు. ఆమె అన్నానికి కూర్చుంటే బల్ల మొత్తం ఖాళీ అయ్యేది. ఓసారి హాస్టల్ గది కిటికీ పగలగొట్టుకుని ఇటుక వచ్చి పడింది. ఆ గాజు ముక్క చేసిన గాటు కనుబొమ్మ మీద ఇప్పటికీ ఉంది.

అరవై ఏళ్లు పోయాక ఆ యూనివర్సిటీ వాళ్లకు ఆమెను సన్మానించాలనిపించింది.

"జ్ఞాపిక కోసం కాదే నేనెళ్లేది," అంది అత్తయ్య, చర్చికి పెట్టుకెళ్లే టోపీ సర్దుకుంటూ. "ఆ ఇటుక విసిరినవాడెవడో వాడి నోటితోనే వినాలి. పోయేలోపు అదొక్కటీ వింటే చాలు."

భోజనాల దగ్గర చూడాలి ఆ ఆప్యాయత. తల నెరిసిన పాత విద్యార్థులు వరసకట్టారు.

"మీతో మాట్లాడాలని ఎంత అనుకునేదాన్నో," అందొకావిడ.

"నాలుగేళ్లూ అనుకుంటూనే ఉన్నారా, పాపం," అంది అత్తయ్య కోడి ముక్క కొరుకుతూ.

"మిమ్మల్ని చూసి నవ్వేవాణ్ని, గుర్తున్నానా?"

"అందరూ నవ్వేవాళ్లే కదా బాబూ, ఎంతమందినని గుర్తుపెట్టుకోను?"

నాకు ఒళ్లు మండిపోయింది. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం ఖాళీ అయింది.

యూనివర్సిటీ ప్రెసిడెంటు గారు పొగిడి పొగిడి అలసిపోయి జ్ఞాపిక అందించబోయాడు. అత్తయ్య దాన్ని ముట్టుకోకుండా మైకు అందుకుంది.

"నాకు ఇంతమంది స్నేహితులున్నారని అప్పుడు తెలీలేదు. మరి నా కిటికీలోకి ఇటుక నేనే విసురుకున్నానేమో. కాదంటే, ఆ విసిరినవాళ్లే వచ్చి ఇది నా చేతికివ్వండి. నాకేం తొందర లేదు, కూర్చుంటాను."

జనం మర్యాదకు నవ్వారు. ఆమె నిజంగానే కుర్చీలో కూర్చునేసరికి నవ్వులు ఆగిపోయాయి.

చివరి వరసలో ఒక ముసలాయన చేతికర్ర ఊతంగా లేచాడు. భార్య కోటు పట్టుకుని లాగింది. విదిలించుకుని మెల్లగా వేదిక దగ్గరికి వచ్చాడు.

"నేనేనమ్మా," అన్నాడు. "నా పేరు లమార్ స్ట్రౌడ్. మీ గదేనని తెలిసే విసిరాను."

ప్రెసిడెంటు ముఖంలో నెత్తుటి చుక్క లేదు. "పెద్దాయనకు ఒంట్లో బాగాలేనట్టుంది," అంటూ సైగ చేశాడు. ఇద్దరు వచ్చి ఆయన రెక్కలు పట్టుకుని బయటికి నడిపించబోయారు.

అత్తయ్య లేచి అడ్డం నిలబడింది.

"వదలండయ్యా," అంది. "పొద్దుట్నుంచీ ఇంతమందిలో నాకు తెలిసినవాడు ఇతనొక్కడే కనిపించాడు."