ఈసారి పొయ్యి వెలిగించలేదు

శనివారం మధ్యాహ్నం క్రిస్టా బుట్టలో ఉడికించిన గుడ్లు, సాసేజ్, రొట్టె, ఉప్పు సర్దుతుంటే, పిల్లలిద్దరూ వెన్నతో చేసిన గొర్రెపిల్ల కోసం పోట్లాడుకుంటున్నారు. మిరియాల కళ్లతో, మెడలో ఎర్ర రిబ్బనుతో అది బుద్ధిగా కూర్చునుంది.

"రేపు తల నాదే!" అన్నాడు నాలుగేళ్ల మైలో.

"పోయినేడూ నువ్వేగా కొరికింది. చెవులైనా మిగల్చలేదు," అంది టెస్సా.

క్రిస్టా నవ్వింది. ఆమె మనసూ పిల్లల్లాగే గంతులేస్తోంది. ఆ తర్వాత చర్చిలో ఫాదర్ పండగ తిండిని దీవిస్తూ బుట్టల మీద నీళ్లు చల్లుతుంటే మొహాన పడ్డ చుక్కల్ని తుడుచుకోలేదు. తను అనుకున్నది ఎవరికీ చెప్పలేదు.

బఫెలో ఊళ్లో వాళ్ల పోలిష్ ఇళ్లలో ఈస్టర్ పొద్దున మొట్టమొదట నోట్లో పడాల్సింది ఆ దీవించిన గుడ్డే. అందరూ బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు గుడ్డు కోసి, ఒక్కొక్కరికీ ఓ మంచిమాట చెప్పి ముక్క చేతిలో పెడతారు. పెళ్లయినప్పటినుంచీ ఆ వేళకి క్రిస్టా పొయ్యి దగ్గరే. సాసేజ్ తిప్పుతూ, వీపు వెనక మంచిమాటలు వింటూ ఉండేది. "నీ ముక్క పళ్లెంలో ఉంచాన్లే," అనేవాడు భర్త డేరెక్. తను వచ్చేసరికి అది ఎండి, అంచులు ముడుచుకుపోయేది. ఒక ఏడు అదీ లేదు, మైలో తినేశాడు. "గుడ్డు ముక్కకి మొహం మాడ్చుకోవడమేంటి అమ్మాయ్? ఫ్రిజ్ నిండా గుడ్లేగా," అని నవ్వింది అత్తగారు ఇరేన్. ఫ్రిజ్‌లో గుడ్లకి మంచిమాటలుండవని అప్పుడు నోటికి రాలేదు.

ఆదివారం పొద్దున బయట ఇంకా మంచు కురుస్తూనే ఉంది. క్రిస్టా అన్నీ చల్లచల్లగానే బల్ల మీద పెట్టి, అందరికంటే ముందు తనే కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఇరేన్ కోటు విప్పుతూ ముక్కు ఎగబీల్చింది. "వేపుడు వాసనే లేదేం?"

"పొయ్యి వెలిగించలేదత్తయ్యా. దీవించిన తిండిని మళ్లీ నిప్పు మీద పెట్టకూడదని మీ అమ్మగారు అనేవారని మీరేగా చెప్పారు!"

తల్లి మాట కాదనడం ఇరేన్ వల్ల కాదు. "అనేదే అనుకో... ఆవిడ పళ్లు గట్టివి," అని గొణుగుతూ కూర్చుంది.

"మరి కాఫీ?" అన్నాడు డేరెక్.

"దాన్నెవరూ దీవించలేదుగా. నువ్వు పెట్టుకోవచ్చు."

టెస్సా కిసుక్కుమంది. డేరెక్ సగం లేచి, తల్లి వంక చూసి, మళ్లీ కూర్చున్నాడు.

క్రిస్టా చాకు అందుకుంది. అత్తగారికి మోకాళ్ల నొప్పులు తగ్గాలంది. డేరెక్‌కి కంటినిండా నిద్ర పట్టాలంది. మైలోకి వెన్న తలతో పాటు తోకా దొరకాలంది. టెస్సాకి ముందుపళ్లు త్వరగా రావాలంది. చివరి ముక్క తన అరచేతిలో పెట్టుకుంది.

"అమ్మా, నువ్వు గుడ్డు తింటావా?" అంది టెస్సా ఆశ్చర్యంగా.

"తిననని ఎవరన్నారే?"

"ఎవరూ అనలేదు. ఈస్టర్‌కి నువ్వు తినగా ఎప్పుడూ చూళ్లేదు. నీకు పడదనుకున్నా."

డేరెక్ తన చేతిలో ముక్క వైపే చూస్తున్నాడు.

"నాకు చాలా ఇష్టం బంగారూ. మరి నాకు మంచిమాట ఎవరు చెప్తారు?"

టెస్సా కుర్చీ ఎక్కి, ఫాదర్‌లా చెయ్యి పైకెత్తింది. "మా అమ్మకి ప్రతి ఈస్టర్‌కీ కుర్చీ దొరకాలి!"

"ఆమెన్," అంది ఇరేన్, అందరికంటే ముందు.