బ్యాటరీకి పంక్చరు

మా బావ కొట్టులో కొట్టేది గాలి, చెప్పేవి గాలి కబుర్లు. సైకిలు ట్యూబులకు పంక్చర్లు వేసీ వేసీ, లోకంలో ఏది ఉబ్బినా గాలివల్లే ఉబ్బుతుందని ఆయన నమ్మకం. ఒకసారి కడుపుబ్బరంతో వెళ్తే నా పొట్టవంక అదోలా చూశాడు. అప్పటినుంచి ఆయన చేతిలో దబ్బనం ఉంటే నేను రెండడుగులు దూరం.

మొన్న సాయంత్రం వెళ్లేసరికి తలుపు ఓరగా వేసుకుని పీటమీద కూర్చున్నాడు. ముందర మా అక్క ఫోను, మూత ఊడదీసి ఉంది. పక్కన దాని బ్యాటరీ, పొగడ్త విన్న బావలాగే ఉబ్బిపోయి ఉంది. అక్క పారెయ్యమన్న చార్జరుకు ఈయన అతుకులేసి మళ్లీ తగిలించాడట. అరగంటలో అక్క పని నుంచి వచ్చేస్తుంది. ఈలోగా బ్యాటరీని చదును చేసి లోపల పెట్టేస్తే గుట్టు దక్కుతుందని పథకం.

"చిన్న బెజ్జం, అంతే బావమరిదీ. గాలి పోగానే పైన ప్యాచీ వేసేస్తా," అంటూ దబ్బనం ఎత్తాడు.

ఆ చేతికి జానెడు దూరంలో మూత తీసిన రబ్బరు సొల్యూషన్ డబ్బా. గోడనిండా ట్యూబులు, కిందంతా నూనె గుడ్డలు. ఆ కొట్టు తప్ప ఆయనకు మరో బతుకుతెరువు లేదు. నేను గభాలున దబ్బనం లాక్కున్నాను.

"అది వట్టి గాలి కాదు బావా, మండే సరుకు. పొడిచావంటే కొట్టుతో సహా గాల్లో కలుస్తావు."

ముప్పై ఏళ్ల అనుభవాన్ని నాకు గుర్తుచేశాడు. పోనీ నీళ్ల తొట్టిలో ముంచి బుడగలొస్తాయేమో చూద్దామన్నాడు. వద్దంటే చెత్తబండిలో వేస్తానన్నాడు. బండిలో నలిగి అక్కడ అంటుకుంటుందని నేను చెప్తుండగా, గుమ్మంలోంచి అక్క గొంతు వినిపించింది.

"పొడి ఇసుక ఉందా?"

ఎంతసేపటినుంచి వింటోందో ఏమో. తిట్టలేదు, అదే బావకు ఎక్కువ భయం. రేకు డబ్బాలో ఇసుక పోసి, బ్యాటరీని నొక్కకుండా దించి, పైన మరికాస్త ఇసుక కప్పి, ఆరుబయట అన్నిటికీ దూరంగా పెట్టించింది. పాత బ్యాటరీలు తీసుకునే కేంద్రానికి నా ఫోనునుంచి చేసి, ఉబ్బినదని ముందే చెప్పి, పొద్దున్నే అక్కడికి తీసుకెళ్లమని బావతో అంది. తర్వాత ఆయన సొరుగు లాగింది. మేకులూ నట్లతో కలిసి దొర్లుతున్న టార్చిలైటు బ్యాటరీలన్నిటికీ కొసలకు టేపు వేయించి, వాటినీ ఆ ప్రయాణంలోనే చేర్చింది.

"మరి నీ ఫోను?" అన్నాడు బావ, నేలచూపులతో.

"కొత్త బ్యాటరీ, కొత్త చార్జరు. అతుకులు ట్యూబులకే."

బావకు నిలువునా గాలి పోయింది. ఏ ప్యాచీకీ లొంగని రకం.

వారం తర్వాత వెళ్తే కొట్టు గోడమీద సుద్దతో రాసి ఉంది: "ఇచ్చట గాలి కొట్టబడును. బ్యాటరీలకు తీయబడదు."

బావ నిలబడి అందరికీ చదివి వినిపిస్తున్నాడు. అక్షరాలు మాత్రం అక్కవి.